తరుగు తీసే ఊళ్లో బరువు చింత

మడకశిర చుట్టుపక్కల ఒంటి బరువు పెరిగితే ఇంటిల్లిపాదీ సంబరపడే ప్రాణి ఇప్పుడు ఒక్కటే మిగిలింది. అది పట్టుపురుగు. గుడ్డులోంచి బయటపడ్డాక నెల తిరిగేలోపే సుమారు పదివేల రెట్లు బరువెక్కుతుంది. దానికోసం రైతు చీకటితో లేచి మల్బరీ ఆకు కోసుకొస్తాడు, వేళ తప్పకుండా మేత వేస్తాడు, ఎండాకాలం షెడ్డు చుట్టూ గోనెపట్టలు తడిపి కడతాడు. కన్నబిడ్డకు జ్వరమొస్తే రేపు చూద్దాంలే అనేవాడు కూడా పురుగు పొర విడిచే జ్వరానికి పోయిందంటే షెడ్డులో అడుగుల చప్పుడు కాకుండా నడుస్తాడు. చివరికి దాన్ని మరిగే నీళ్లలో వేస్తారన్నది నిజమే. అయినా బతికినన్నాళ్లూ ఎవ్వరూ దాని నడుము కొలవలేదు, రాత్రి ఏడు దాటాక ఆకు ముట్టొద్దని ఆంక్ష పెట్టలేదు.

మనిషికి ఆ యోగం లేదు. మనిషికీ పదివేల లెక్కే వచ్చిపడింది, కాకపోతే అది అడుగుల లెక్క. తెల్లారి అయిదున్నరకు హిందూపురం రోడ్డు మీద చూడండి. రిటైరైన హెడ్మాస్టరు, ఎరువుల దుకాణం యజమాని, చిన్న కాంట్రాక్టరు, ఇద్దరు బీమా ఏజెంట్లు, ఒక వడ్డీ వ్యాపారి. ఈ వడ్డీ వ్యాపారి వాకింగ్‌కు కూడా బాకీదారుల వీధుల మీదుగానే పోతాడు, ఒక్క తిరుగుడుకు రెండు పనులవుతాయని. అందరి చేతికీ వాచీలున్నాయి. అవి కాలం చెప్పే వాచీలు కావు, కాళ్ల లెక్క చెప్పేవి. లెక్క నిండితే మణికట్టు మీద చిన్నగా వణికి శభాష్ అంటాయి. నిండకపోతే మనవాళ్లకు ఉపాయం తెలుసు: రాత్రి టీవీ ముందు కూర్చొని చెయ్యి ఊపితే తక్కువ పడిన అడుగులన్నీ జమ అవుతాయి. దొంగ లెక్కలు రాయడం మనకు ఒకరు నేర్పాలా?

వాకింగ్ ముగిశాక హోటలు ముందు సభ. ప్లేటు ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీలు, ఆపైన టీ. టీలో చక్కెర మాత్రం వద్దు, ఆరోగ్యం ముఖ్యం కదా.

"ఏమన్నా, శానా సన్నబడినావే!"

"పది కేజీలు దించినానప్పా!"

ఈ పలకరింపు ఒక తరం కిందట ఇదే రోడ్డు మీద వినబడి ఉంటే, ఎదుటివాడు తువ్వాలు తీసి భుజాన వేసుకొని "ఏం నాయనా, ఇట్ల చిక్కిపోతివే, ఇంట్లో అందరూ బాగుండారా?" అని అడిగేవాడు. సన్నబడడం ఈ తాలూకాలో అప్పట్లో పరామర్శకు కారణం. ఇప్పుడది అభినందనకు కారణం.

ఆ వాకర్లు నడిచే రోడ్డు మీదే, ఆ వేళకే, ఇంకో గుంపు నడుస్తుంటుంది. నెత్తిన గంప, గంపలో పార, కొంగున కట్టిన సద్ది. వాళ్ల కాళ్లకు స్పోర్ట్స్ బూట్లు లేవు, చేతికి గాజులు తప్ప వాచీ లేదు. పని దగ్గరికి నడక, అక్కడ ఎండలో మట్టి తవ్వకం, ఎత్తి పోయడం, మళ్లీ ఇంటికి నడక, ఇల్లు చేరాక బిందెల నడక. దీన్ని ఎవ్వరూ వాకింగ్ అనలేదు. ఏ పరికరమూ శభాష్ అనలేదు. ఊరికే నడిస్తే ఆరోగ్యం, కూటికి నడిస్తే ఖర్మ.

ఇంతకీ ఈ పదివేల అంకె ఎక్కడిది? వేదంలోది కాదు, వైద్యంలోదీ కాదు. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. ఆ ఊపులో 1965లో యమసా అనే జపాను కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మకానికి పెట్టి, దానికి మాన్‌పో-కే అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటరు అని దాని అర్థం. అంకె గుండ్రంగా ఉంది, నోటికి బాగుంది, సరుకు అమ్ముడుపోయింది. అరవై ఏళ్ల తర్వాత మడకశిర హెడ్మాస్టరు జపాను దుకాణదారుడి బేరం మాటను డాక్టరు చీటీ అనుకొని పాటిస్తున్నాడు. 2019లో అమెరికాలో వయసు మళ్లిన ఆడవాళ్ల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనంలో రోజుకు 4,400 అడుగుల దగ్గరే మరణాలు బాగా తగ్గినట్టు, 7,500 దాటాక ఆపైన పెద్దగా తేడా లేనట్టు తేలింది. కానీ నాలుగు వేల నాలుగొందలని వాచీ మీద ఎవడు రాస్తాడు? అందులో దర్జా ఏముంది?

నడక మంచిదే. గుండెకు మంచిది, చక్కెర జబ్బుకు మంచిది, నిద్రకు మంచిది, ఇంట్లో వాళ్లకు ఒక గంట ప్రశాంతత కూడా. ఒంటి బరువు తగ్గించడంలో మాత్రం దానికి కట్టబెట్టిన కీర్తి ఎక్కువ. అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు నూటయాభై కేలరీలు. హోటలు ముందు సభలో మొదటి రెండు బజ్జీలే ఆ బాకీ చెల్లు వేస్తాయి. మిగతా ప్లేటంతా లాభం.

బరువును కొలిచే బద్ద కథ కూడా ఇలాంటిదే. కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగించే సూత్రాన్ని 1830లలో కట్టినవాడు అడాల్ఫ్ కెట్లే అనే బెల్జియం ఖగోళవేత్త. ఆయన డాక్టరు కాడు. నక్షత్రాల లెక్క చూసుకుంటూ, పనిలో పనిగా సగటు మనిషి ఎలా ఉంటాడో లెక్కగట్టాడు. ఫలానావాడు రోగి అని తేల్చడానికి కాదు. 1972లో యాన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త దానికి బీఎంఐ అని నామకరణం చేశాడు. ఇక 2009లో మన దేశపు నిపుణులు కూర్చొని, భారతీయులకు పాతిక కాదు, ఇరవైమూడు దాటితే చాలు అధిక బరువే అని తీర్మానించారు. రాత్రి ఇరవైనాలుగుతో సన్నగా పడుకున్నవాడు ఒక ముద్ద కూడా ఎక్కువ తినకుండా తెల్లారేసరికి లావుగా లేచాడు. దీనికి కారణం లేకపోలేదు. మనవాళ్లకు చేతులు, కాళ్లు సన్నగానే ఉంటాయి, పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది, తక్కువ బరువులోనే చక్కెర జబ్బు పట్టుకుంటుంది. అందుకే నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటారు. దర్జీ దగ్గరి టేపు చాలు. అయితే టేపుకు బ్లూటూత్ ఉండదు, కాబట్టి గౌరవమూ ఉండదు.

మంచి ఒళ్లంటే ఏమిటో కూడా తరతరానికీ మారిపోతూ వచ్చింది. పల్లెల్లో రచ్చకట్ట దగ్గర ఒక గుండు పడి ఉండేది. ఉగాది నాడు దాన్ని భుజం దాకా ఎత్తినవాడే మొనగాడు. వాడి పొట్ట ఎంతన్నది ఎవ్వరికీ పట్టేది కాదు. గుండెల మీద ఏనుగును నిలబెట్టించుకున్న కోడి రామమూర్తి నాయుడికి కలియుగ భీముడని బిరుదిచ్చారు గానీ, నాయనా నీ బీఎంఐ ఎంత అని అడగలేదు. అసలు భీముణ్నే అడగలేదు కదా. సినిమాలో ఎస్వీ రంగారావు తెర నిండా కనబడితే రాజసం అన్నాం. సావిత్రి బుగ్గలు చూసి ఊళ్లో ఆడపిల్లలు కుళ్లుకున్నారు. ఆ తర్వాత 2007 వచ్చింది. దేశముదురులో అల్లు అర్జున్ చొక్కా విప్పితే ఆరు పలకలు కనబడ్డాయి. ఆ ఏడే యమదొంగ కోసం జూనియర్ ఎన్టీఆర్ సగం మనిషై తెర మీదికొచ్చాడు. అప్పటినుంచి తెలుగు కుర్రాడికి పొట్ట మీద కండ లేకపోతే ప్రేమించే అర్హత లేదని తీర్పు వచ్చేసింది. 2015లో సైజ్ జీరో అనే సినిమా వచ్చింది, లావుగా ఉంటే తప్పేమిటని అడగడానికి. ఆ మాట అడగడానికి సన్నటి అనుష్కనే వెతికి పట్టుకొని, ఆమెచేత బరువు పెంచించారు. లావుపాటి అమ్మాయి వేషానికి లావుపాటి అమ్మాయి దొరకలేదు మరి, ఎనిమిదిన్నర కోట్ల మంది తెలుగువాళ్లలో.

పెళ్లిచూపుల్లో కూడా గాలి తిరిగింది. వెనకటికి పిల్ల ఒళ్లు చేసి ఉంటే పుట్టింట్లో తిండికి లోటు లేదని లెక్క. సన్నగా ఉంటే అత్తగారికి అనుమానం. ఇప్పుడు అదే అత్తగారు, రోజూ ఓళిగలు తిని నేలకు ఆనుకొని కూర్చున్న ఆవిడ, "పిల్ల కొంచెం లావు కదప్పా" అంటుంది.

ఇక తిండి సంగతి. దీనికి తెలుగునాట గురువులకు కొదవ లేదు. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పు మానండి, నూనె మానండి, ఉడికించడం కూడా వీలైనంత తగ్గించండి అన్నారు. ఒక తరం ఉప్పులేని కూర తిని, కన్నీళ్ల ఉప్పుతో సరిపెట్టుకుంది. తర్వాత 2017, 18 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ గారు వచ్చి అన్నం మానండి, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనో నెయ్యో లోపలికి పోనివ్వండి, మూడు నిమ్మకాయలు పిండుకోండి, నాలుగు లీటర్ల నీళ్లు తాగండి అన్నారు. నిన్నటిదాకా నూనె చూస్తే పారిపోయిన పెద్దమనిషి ఈ రోజు గ్లాసులో పోసుకొని తాగాడు. ఈలోగా మైసూరు నుంచి మన కడప జిల్లా బిడ్డ ఖాదర్ వలీ గారు సిరిధాన్యాల సంచి విప్పారు. కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు. ఈ అయిదే ఔషధాలన్నారు, 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఒక్కో ఇంట్లో ముగ్గురు గురువులకూ ముగ్గురు శిష్యులు తయారై, ఒకే పొయ్యి మీద మూడు వంటలయ్యాయి. వంట చేసే ఆమె మాత్రం మిగిలినవన్నీ పారబోయడం ఇష్టం లేక తానే తినేసింది. ఆమె బరువు పెరిగింది. దానికి గురువు లేడు.

ఖాదర్ వలీ గారి జాబితాలో మడకశిరకు ఒక అన్యాయం జరిగిందని మనవి. ఆయన రాగిని తటస్థ ధాన్యాల్లో వేశారు. ఇన్ని తరాలు ఈ గడ్డను బతికించిన గింజ అటూ కాకుండా ఇటూ కాకుండా మధ్యలో నిలబడింది, ఎన్నికల్లో డిపాజిట్ మాత్రం దక్కించుకున్న స్వతంత్ర అభ్యర్థిలాగా. అగళి, రొళ్ల, అమరాపురం, గుడిబండ, ఎటు పోయినా సంగటి ముద్ద, ఊరుబిండి, చలికాలమైతే పితికిపప్పు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం సీమలో ఆ తిండి ఎవరో గురువు చెప్పింది కాదు, మేఘం చెప్పింది. వరి అన్నం పండగకు, చుట్టాలొస్తే, ఒంట్లో బాగాలేకపోతే.

ఆ సంగటిని నామోషీ చేసిందెవరు? 1983లో ఎన్టీ రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. ఆ తర్వాత పక్కనే ఉన్న హిందూపురం ఆయన్ను మూడుసార్లు అసెంబ్లీకి పంపింది. ఆ బియ్యాన్ని తప్పుపట్టేవాడు ఆకలి ఎరగనివాడు. కరువు సీమలో పొయ్యి వెలిగించింది అది. కానీ ఆ సంచిలో నాలుగు కిలోల రాగులు, రెండు కిలోల జొన్నలు కూడా పెట్టి ఉండొచ్చు కదా అని ఏళ్ల తరబడి ఏ అధికారికీ తోచలేదు. బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యం మూడు పూటలా తిని తిని, మెట్టచేలల్లో కొర్ర పోయి, విసుర్రాయి చుట్టూ రాగి పోయి, ఊళ్లో ప్రతి ఇంట్లో చక్కెర మాత్రల డబ్బా వచ్చాక, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. అప్పుడు బెంగళూరు మాల్‌లో మన కొర్రలకు అద్దాల ప్యాకెట్టు, ఇంగ్లీషు పేరు, మన ఊరి కూలీ రోజు సంపాదన అంత ధర. పండించడం మానేసినవాడే ఇప్పుడు కొనుక్కోవాలి, అదీ డాక్టరు చెబితే.

నూనె కథ ఇంకా రుచిగా ఉంటుంది. ఒకప్పుడు దేశంలోనే ఎక్కువగా శెనక్కాయ వేసిన జిల్లా అనంతపురం. ఇక్కడి రైతు శెనక్కాయలు పండించి, అప్పుకు జమకట్టి, ఆ తర్వాత అంగడికి పోయి పామాయిల్ ప్యాకెట్టు కొనుక్కొని ఇంటికొస్తాడు. దేశం తినే నూనెలో సగానికి పైగా విదేశాల నుంచే వస్తుంది, అందులో పెద్ద వాటా పామాయిల్‌దే. 2025 ఫిబ్రవరి 23న మన్ కీ బాత్‌లో ప్రధాని ఊబకాయం మీద మాట్లాడి, ఇంట్లో నూనె వాడకం పది శాతం తగ్గించమన్నారు. మంచి మాట. మలేసియా, ఇండోనేసియా ఓడలకు చెప్పాల్సిన మాట కూడా కొంచెం ఉండింది, దానికి సమయం చాలలేదు. బరువనేది ఓటరు నోటి దగ్గర మొదలై ఓటరు నడుము దగ్గర ఆగిపోవాలి. బియ్యం ఎవరిచ్చారు, నూనె ఎవరు దింపారు, బడికి ఆటస్థలం ఎవరు ఇవ్వలేదు అని పైకి పోతే ఊబకాయం రాజకీయమైపోతుంది.

రాజకీయం అంటే గుర్తొచ్చింది. నడకకు ప్రపంచంలో ఎక్కడా లేని ప్రతిఫలం ఆంధ్రదేశంలో ఉంది. 2003లో వైఎస్ రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా 1,475 కిలోమీటర్లు నడిచారు, మరుసటేడు ముఖ్యమంత్రి. 2012 అక్టోబరు 2న చంద్రబాబు నాయుడు మన హిందూపురం నుంచే బయల్దేరి 2,800 కిలోమీటర్ల పైచిలుకు నడిచారు, 2014లో ముఖ్యమంత్రి. జగన్ 3,648 కిలోమీటర్లు, 2019లో ముఖ్యమంత్రి. లోకేశ్ 3,132, 2024లో మంత్రి. షర్మిల కూడా మూడు వేల పైచిలుకు నడిచారు. నడిచిన ఫలం నడిచినవాళ్లకే దక్కాలని రూలేమీ లేదని ఆమెను చూస్తే తెలుస్తుంది. ఇన్ని వేల కిలోమీటర్లూ దేనికోసం? కూర్చోవడానికి. కుర్చీ దొరికాక మళ్లీ నడిచినవాడు లేడు, హెలికాప్టరే. డాక్టర్లు దీన్ని యో-యో అంటారు. పెరిగి, తగ్గి, మళ్లీ పెరగడం.

ఇంతకీ ఈ మెట్టకు నడకా, మితాహారమూ కొత్త కాదు. 1876-78 ధాతు కరువులో, అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో ఉన్న రోజుల్లో, కలకత్తా సర్కారు సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొరను మద్రాసు రాజధానికి పంపింది, ఖర్చు తగ్గించమని. 1877 జనవరిలో ఆయన కరువు పనుల కూలీకి ఒక పథ్యం ఖరారు చేశాడు: రోజంతా రాళ్లు కొట్టే మగవాడికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే సుమారు 450 గ్రాములు. పైగా ఇంటికి పది మైళ్ల లోపల పని ఇవ్వకూడదు, దూరం నడిచొస్తేనే నిజంగా ఆకలైనట్టు లెక్క. చూశారా? మితంగా తిండి, రోజూ వ్యాయామం, పది మైళ్ల నడక. ఏ ఖరీదైన ప్రకృతి చికిత్సాలయంలో చేరినా ఇంతకు మించి ఏం చేయిస్తారు? మద్రాసు పారిశుధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ ఇది మనిషిని నిలబెట్టే తిండి కాదని పోరి పోరి, కొన్ని నెలలకు ఆ కూలీని మార్పించాడు. ఈలోగా టెంపుల్ గారి పథ్యం బాగా పనిచేసింది. జనం చాలామంది శాశ్వతంగా సన్నబడ్డారు.

బరువు తగ్గించే విద్యలో టెంపుల్ వారసులు ఇప్పుడు మండీల్లో ఉన్నారు. రైతు శెనక్కాయ బస్తా తెస్తే తేమ ఉందని తరుగు, మట్టి ఉందని తరుగు, గోనె బరువని తరుగు. చీనీకాయలైతే టన్నుకు ఇంతని సూటు పేరుతో కోత. పదిమంది చూస్తుండగా, చెమట చుక్క పడకుండా, ఒక్క అడుగు నడవకుండా, కాటా మీదే క్వింటాళ్లకు క్వింటాళ్లు కరిగించే ఈ మహానుభావులను వదిలిపెట్టి మనం జిమ్ములకు ఎందుకు పోతున్నామో అర్థం కాదు. ఒక్క లోపం, వాళ్లు ఎదుటివాడి బరువే తగ్గిస్తారు. అక్కడ తగ్గింది ఎక్కడికి పోతుందో వాళ్ల బొజ్జలు చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడొక చిక్కు లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో 36.3 శాతం, మగవాళ్లలో 31.1 శాతం అధిక బరువువాళ్లో ఊబకాయులో. పదిహేను నుంచి నలభైతొమ్మిదేళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి రక్తహీనత. ఆడవాళ్ల అంకెలు రెండూ కూడితే 95 వస్తుంది, కానీ ఇవి వేర్వేరు మనుషులని అనుకోవద్దు. ఒళ్లు నిండుగా, నరాల్లో నెత్తురు లేకుండా ఉన్న ఒకే మనిషి రెండు పట్టికల్లోనూ పడుతుంది. కడుపు నిండేదాకా తెల్లబియ్యం, పైన పామాయిల్, పప్పు నీళ్లలో నీళ్లు, ఆకుకూర వారానికోసారి. ఆమెను ఒక డాక్టరు తక్కువ తినమంటాడు, ఇంకో డాక్టరు ఎక్కువ తినమంటాడు. ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. ఏం తినాలో, దాన్ని ఏ డబ్బుతో కొనాలో మాత్రం ఇద్దరి చీటీల్లోనూ లేదు.

ఆ డబ్బు కోసమే కదా ఆమె ఉపాధి పనికి పోయేది. దేశానికి ఉపాధి హామీ పథకం మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న, ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి మొదలుపెట్టారు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో దీని రోజు కూలి 307 రూపాయలు. అదీ తవ్విన గుంట కొలత సరిపోతేనే, లేకపోతే దానికీ తరుగే. 2023 జనవరి 1 నుంచి ఇక్కడా ఫోను యాప్ తప్పనిసరైంది. రోజుకు రెండుసార్లు, పని దగ్గరే నిలబెట్టి ఫొటో తీసి ఎక్కించాలి. సిగ్నల్ అందక ఫొటో ఎక్కలేదా, ఆ రోజు పడిన చెమటంతా అబద్ధం. హిందూపురం రోడ్డు మీది వాచీ వేయని అడుగులకూ శభాష్ అంటుంది. చెరువు గట్టు మీది ఫోను వేసిన అడుగులనూ నమ్మదు. రెండూ యంత్రాలే. ఎవరి చేతిలో ఉన్నదన్నదే తేడా.

ఆ పథకానికి మహాత్ముడి పేరుండేది. అరవై ఏళ్ల వయసులో సబర్మతి నుంచి దండి దాకా 24 రోజుల్లో సుమారు 385 కిలోమీటర్లు నడిచిన మనిషి ఆయన, నడకకు అంతకంటే పెద్ద బ్రాండ్ అంబాసిడర్ ఈ దేశంలో పుట్టలేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసి, పథకం పేరులోంచి ఆయన్ను దించేసింది. బరువు తగ్గించారన్నమాట.

ఇంకోవైపు 2025లోనే పట్నాల్లో కొత్త సూదులు దిగాయి. మార్చిలో వచ్చిన మౌంజారో వారానికొకటి వేసుకోవాలి, ఆకలి దానంతటదే చచ్చిపోతుంది. వచ్చినప్పుడు తొలి మోతాదు సీసా 3,500 రూపాయలు, అంటే నెలకు 14,000. ఆ ఏడు ఉపాధి పనికి పోయే కుటుంబం నూరు రోజులు పూర్తిగా చేసి, నూరు రోజులూ పూర్తి కూలి పడితే 30,700. ఆకలి అయ్యేవాడి నూరు రోజుల సంపాదన, ఆకలి వద్దనుకునేవాడికి తొలి మోతాదు ధరలో రెండు నెలల మందుకు సరిపోయి, ఆపైన ఉగ్గాని ఖర్చుకు కొంచెం మిగులుతుంది. చక్కెర జబ్బుతో నిజంగా బాధపడేవాళ్లకు ఆ మందు మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. పొట్ట కనబడకుండా పెళ్లి ఫొటో దిగాలనేవాడి గురించే నా దిగులు. వాడికి మా తాలూకాలో ఒక వేసవి గడపమని సలహా ఇస్తాను. ఖర్చు తక్కువ.

నగర పంచాయతీ పెద్దలకు ఒక మాట. వాకర్లకు మీరు చేయాల్సింది ర్యాలీలు కాదు, ఫ్లెక్సీలు కాదు, జెండా ఊపడం అసలే కాదు. రోడ్డు పక్కన మనిషి నడిచేంత జాగా వదలండి. అక్కడ ఇసుక కుప్పలు, బోరు పైపులు, మీ అనుచరుల తోపుడుబండ్లు తీయించండి. బడి మైదానానికి తాళం వేయకండి. పిల్లలు సాయంత్రం పూట అలిసిపోయేదాకా ఆడితే నలభయ్యో ఏట వాచీ కొనాల్సిన అవసరం చాలామందికి రాదు. అంగన్‌వాడీలో రాగులు, శెనక్కాయలు, బెల్లం దండిగా పెట్టండి, మన చేలల్లో పండినవే పెట్టండి. ఇవేవీ ఫొటోకు పనికిరావని నాకు తెలుసు. అయినా చెప్పడం నా పని.

హిందూపురం రోడ్డు మీది అన్నలకూ ఒక మాట. మీ నడక మానొద్దు, బజ్జీలు సగం చేయండి చాలు. ఒక్క రోజు మాత్రం ఆ వాచీ విప్పి, గంపతో పోయే మీ ఊరి ఆడమనిషిని అడిగి ఆమె చేతికి కట్టండి. సాయంత్రం విప్పి అంకె చూడండి. ఆ అంకెకు 307 రూపాయలు ఎక్కువో తక్కువో మీరే లెక్కగట్టి, ఆ తర్వాత కూడా ఆమెకు "తక్కువ తినమ్మా, కొంచెం నడువు" అని చెప్పగల ముఖం మీకుంటే, చెప్పండి.